బిళ్ళగన్నేరు నిజంగానే మందు, అందుకే దాని పసరు తాగొద్దు

మొక్కల్లో మందులుంటాయా అని ఎవరైనా అడిగితే ఉంటాయనే చెప్తాను. ఫార్మసీ కాలేజీలో నేను చెప్పే సబ్జెక్టే అది. ఏటా పిల్లలతో బిళ్ళగన్నేరు ఆకు పొడిని పలుచటి యాసిడ్‌లో మరిగించి, వడగట్టి, ఆ నీళ్ళలో డ్రాగెండార్ఫ్ రీఏజెంట్ చుక్కలు వేయిస్తాను. ఇటుక పొడి లాంటి మడ్డి అడుగుకు దిగుతుంది. టెస్ట్‌ట్యూబు కిటికీ వెలుగులోకి ఎత్తి చూసుకుని "వచ్చింది మేడమ్" అంటారు పిల్లలు. వాళ్ళ సంతోషం నాకు ఇప్పటికీ ఇష్టమే. అయితే ఆ రంగు చెప్పేది ఒక్కటే, ఆకులో ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద బలంగా పనిచేసే ఒక రకం మొక్క పదార్థాలు, ఉన్నాయని. అవి ఏవి, ఎంతెంత ఉన్నాయి, మనిషి ఒంట్లోకి వెళ్తే బాగు చేస్తాయా, ప్రాణం తీస్తాయా అన్న ప్రశ్నలన్నీ ఆ తర్వాత మొదలవుతాయి. క్యాన్సర్‌కి ఫలానా ఆకు, కిడ్నీకి ఫలానా వేరు అంటూ ఫోన్ల నిండా తిరుగుతున్న వీడియోలు చాలావరకు ఈ టెస్ట్‌ట్యూబు దగ్గరే ఆగిపోతాయి. ఆగిపోయి, పనంతా అయిపోయినట్టు మాట్లాడతాయి.

బిళ్ళగన్నేరు మన ఊళ్ళలో ఎవరూ నాటకుండానే గోడ పగుళ్ళలో కూడా మొలుస్తుంది. గులాబీ రంగు పూలు, తెల్ల పూలు. దీని సొంత ఊరు మడగాస్కర్ దీవి. పరగడుపున నాలుగు ఆకులు నమిలితే షుగర్ దిగుతుందని మన దగ్గర చెప్పుకుంటారు. చిత్రంగా జమైకాలోనూ అదే నమ్మకం, అక్కడ ఆకుల టీ కాచుకుని తాగేవారు. 1952లో అక్కడి డాక్టరు ఒకాయన కొన్ని ఆకుల్ని కవరులో పెట్టి కెనడాకి పంపాడు. అవి రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్త చేతికి చేరాయి. ఆయన ఎలుకలకు ఆ రసం పట్టించి చూస్తే షుగర్ కదల్లేదు. సూదితో ఎక్కించి చూశాడు. కొద్ది రోజుల్లోనే ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ఎందుకని రక్తం పరీక్షిస్తే తెల్ల కణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి.

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారేమో. నోబుల్, ఆయనతో పనిచేసిన కెమిస్టు చార్లెస్ బీర్ ఇంకోలా ఆలోచించారు. మంచి తెల్ల కణాలనే ఇంతగా పడగొట్టేది, అదుపు తప్పి పెరుగుతున్న తెల్ల కణాల మీద, అంటే లుకేమియా మీద, పనిచేయకుండా ఉంటుందా అనుకున్నారు. 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అనే మందు బయటపడింది. అదే మొక్క మీద విడిగా పనిచేస్తున్న అమెరికా మందుల కంపెనీ ఎలీ లిల్లీలో విన్‌క్రిస్టిన్ అనే ఇంకో మందు దొరికింది. అది 1963లో అనుమతి పొందింది. పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం రక్త క్యాన్సర్‌లో ఈనాటికీ అది లేకుండా వైద్యం మొదలుపెట్టరు. 1950లలో ఆ జబ్బు వచ్చిన బిడ్డ కొన్ని నెలలు బతకడమే ఎక్కువ. ఈరోజు మంచి సౌకర్యాలున్న దేశాల్లో పది మందిలో సుమారు తొమ్మిది మంది పిల్లలు బతికి బట్టకడుతున్నారు. మన గోడ పగుళ్ళలో మొలిచే మొక్కకి ఈ ఘనతలో వాటా ఉంది. ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక్కడి నుంచే అసలు గొడవ మొదలవుతుంది. "కీమో మందు ఈ ఆకు నుంచే తీస్తున్నారు, మరి ఆకే తింటే సైడ్ ఎఫెక్ట్స్ లేకుండా తగ్గుతుంది కదా" అని ఒక వాదం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆకులో నూటికి పైగా ఆల్కలాయిడ్లున్నాయి. వాటిలో విన్‌క్రిస్టిన్ ఎంత తక్కువంటే, గ్రాము మందు కోసం వందల కిలోల ఎండాకుని ఉడికించి, వడపోసి, విడదీయాలి. అలా తీసిన మందుని మనిషి ఒంటి వైశాల్యం లెక్కగట్టి, చదరపు మీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము చుట్టుపక్కల, రక్తనాళంలోకే ఎక్కిస్తారు. పెద్దవాళ్ళకి ఒక్కసారికి సాధారణంగా రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు. దాటితే నరాలు దెబ్బతింటాయి. అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, పాదం పైకి లేవదు, పేగుల కదలిక ఆగిపోతుంది. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపుగా ప్రాణం పోయినట్టే. అందుకని ఆస్పత్రుల్లో ఈ మందు మీద విడిగా హెచ్చరిక అంటిస్తారు. నోటి ద్వారా తీసుకుంటే సరిగా ఒంటబట్టదు.

గుప్పెడు ఆకులు దంచి తాగినప్పుడు ఏం జరుగుతుందో ఇప్పుడు ఊహించండి. కావాల్సిన మందు కావాల్సినంత అందదు. అక్కర్లేని మిగతావన్నీ కడుపులోకి వెళ్తాయి. వర్షాకాలం ఆకులో ఎంతుందో, ఎండాకాలం ఆకులో ఎంతుందో ఎవరికీ తెలియదు. ఇంకా ముఖ్యమైనది, విన్‌క్రిస్టిన్ ఒక్కటే ఇచ్చినా రక్త క్యాన్సర్ పూర్తిగా నయం కాదు. స్టెరాయిడ్, ఆస్పరాజినేజ్, మెథోట్రెక్సేట్, ఇలా ఐదారు మందుల్ని ఒక వరసలో, రెండు మూడేళ్ళ పాటు ఇవ్వడం నేర్చుకున్నాకే పిల్లలు బతకడం మొదలైంది. మొక్క ఘనతని చెప్పేవాళ్ళు ఈ దారినంతా చెరిపేసి చెప్తారు. నా అభ్యంతరం అంతా ఆ చెరిపివేత మీదే.

వరసకు పిన్ని అయ్యే ఒకావిడ గురించి చెప్పాలి. ఒకరోజు ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు.

"అక్కా, మీ కాలేజీ తోటలో లక్ష్మణ ఫలం చెట్టుందంట కదా. ఆకులు కొన్ని కావాలి."

"ఎవరికిరా?"

"అమ్మకి. రొమ్ములో గడ్డ."

"ముక్క పరీక్ష చేయించారా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. దసరా సెలవుల్లో గడ్డ చేతికి తగిలిందట. డాక్టరు పరీక్షకి గడ్డలోంచి ముక్క తీయాలన్నాడు. ముక్క తీస్తే గడ్డ రేగిపోయి ఒళ్ళంతా పాకుతుందని ఇంటికొచ్చిన వాళ్ళంతా చెప్పారు. ఈలోపు ఎవరో వాట్సాప్‌లో పంపారు, లక్ష్మణ ఫలం కీమో కంటే పదివేల రెట్లు శక్తివంతమైనదని. అప్పటికే ఉగాది దగ్గరపడుతోంది. ఇంకో ఊరి నుంచి కొరియర్‌లో తెప్పించుకున్న ఆకులు అయిపోతే నాకు చేశాడు.

వాణ్ణి తప్పుపట్టాలని నాకు అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. తల్లిని బతికించుకోవడానికి వాడికి అందిన దారి అది. ఆ పదివేల రెట్ల మాటకి కూడా మూలం ఉంది. 1996లో వచ్చిన ఒక పరిశోధనా పత్రంలో, ఈ చెట్టు గింజల నుంచి వేరు చేసిన ఒక పదార్థం, గాజు పళ్ళెంలో పెంచిన పేగు క్యాన్సర్ కణాల మీద, ఒక కీమో మందు కంటే అన్ని రెట్లు పనిచేసిందని రాశారు. గాజు పళ్ళెంలో కణాల్ని చంపేవి చాలా ఉంటాయి. బ్లీచింగ్ పౌడరు నీళ్ళూ చంపుతాయి. క్యాన్సర్ కణాన్ని చంపి పక్కనున్న గుండె కణాన్ని, నరాల కణాన్ని వదిలేస్తుందా అన్నదే ప్రశ్న. లక్ష్మణ ఫలం క్యాన్సర్‌ని నయం చేస్తుందని చూపిన పరీక్ష మనుషుల మీద ఒక్కటీ లేదు. పైగా కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో ఈ పండూ ఆకుల టీ బాగా వాడేవాళ్ళలో పార్కిన్సన్ లాంటి నరాల జబ్బు ఎక్కువగా కనబడుతోందని 1999లోనే డాక్టర్లు రాశారు. ఆ చెట్టులోని అనోనాసిన్ అనే పదార్థం కణానికి శక్తినిచ్చే యంత్రాంగాన్నే ఆపేస్తుంది. క్యాన్సర్ కణాన్ని చంపే గుణం, నరాన్ని దెబ్బతీసే గుణం రెండూ అక్కడి నుంచే వస్తున్నాయని అనుమానం. ఎప్పుడో ఒకసారి పండు తింటే ఏం కాదు. రోజూ కషాయం కాచుకుని నెలల తరబడి తాగడం వేరు.

పిన్నికి చివరికి పరీక్షలన్నీ అయ్యేసరికి జబ్బు ఎముకల దాకా వెళ్ళింది. ఆమెకి ఎక్కించిన మందుల్లో పాక్లిటాక్సెల్ ఒకటి. అది యూ అనే చెట్టు బెరడులో దొరికిన మందు. 1960లలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ మొక్కల్ని ఏరించి పరీక్షిస్తున్నప్పుడు, 1962లో వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లోంచి ఆ బెరడు తెచ్చారు. 1971లో అందులోని పదార్థం నిర్మాణం తేలింది. మందుగా అనుమతి 1992లో వచ్చింది, అంటే ముప్ఫై ఏళ్ళు. ఆ పెద్ద గాలింపులో లక్షకు పైగా మొక్కల సారాల్ని పరీక్షిస్తే రోగి దాకా చేరినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పిన్ని రెండేళ్ళు బతికింది. దసరాకే మొదలుపెట్టి ఉంటే ఎంతకాలం బతికేదో చెప్పడం నా వల్ల కాదు. కానీ అమెరికాలో 2018లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. ఇంకా పాకని, నయం చేయగల దశలో ఉన్న క్యాన్సర్‌తో వచ్చి, ఆస్పత్రి వైద్యం వద్దని ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్న 281 మందిని, అలాంటి జబ్బుకే మామూలు వైద్యం చేయించుకున్నవాళ్ళతో పోల్చారు. మొత్తం మీద చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళలో ఐదున్నర రెట్లకు పైగా. రొమ్ము క్యాన్సర్‌లో తేడా అంత ఎక్కువ ఉండటానికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ముందుగా పడితే బాగా నయం చేయగలిగిన జబ్బు అది, కాబట్టి పోగొట్టుకునేదీ ఎక్కువే.

మరి లక్షల మంది మొక్కల మందుని ఎందుకు నమ్ముతున్నారు? వాళ్ళ కళ్ళ ముందే తగ్గుతోంది కాబట్టి. పచ్చకామెర్లనే చూడండి. నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఈలోపు పసరు తాగి, ఉప్పూ నూనె లేని పథ్యం చేసిన మనిషి "పసరుతోనే తగ్గింది" అంటే అబద్ధమాడినట్టు కాదు. కొన్నిచోట్ల చేతులకు మామిడి బెరడు పసరు రాసి సున్నపు తేట నీళ్ళలో కడిగిస్తారు, నీళ్ళు పచ్చగా మారతాయి. కామెర్లు దిగిపోతున్నాయని చూపిస్తారు. జబ్బు లేని మనిషి చేతులు కడిగినా ఆ నీళ్ళు పచ్చగానే అవుతాయి. అసలు ప్రమాదం, కామెర్లంటే ఒక్క జబ్బు కాకపోవడంలో ఉంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడ్డా, క్లోమంలో గడ్డ లేచినా కళ్ళు పచ్చబడతాయి. ఆ రోగి కూడా అదే పసరు క్యూలో నిలబడతాడు.

నేల ఉసిరి సంగతి ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే అక్కడ నిజంగా సైన్సే ఆశపెట్టింది. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్‌తో కలిసి, లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో ఒక ఫలితం అచ్చువేశారు. ఒంట్లో ఆ వైరస్ ఉన్నవాళ్ళకు నెల రోజులు నేల ఉసిరి పొడి ఇస్తే 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. ఎంత గొప్ప వార్త! తర్వాత వేరే దేశాల్లో అదే పరీక్ష చేసి చూస్తే అలాంటి ఫలితం రాలేదు. అన్ని పరీక్షలూ కలిపి చూసిన సమీక్షలు నమ్మదగిన ఆధారం లేదని తేల్చాయి. మన వీడియోల్లో ఇప్పటికీ 1988 మాత్రమే ఉంటుంది. నేను క్లాసులో ఈ ఉదాహరణ తప్పకుండా చెప్తాను, ఒక్క పరీక్ష ఎంత పెద్ద పత్రికలో వచ్చినా రెండోసారి, మూడోసారి, వేరే చేతుల్లో నిలబడాలని పిల్లలకు తెలియడానికి.

డెంగీ వస్తే బొప్పాయి ఆకు రసం. ఇది ఎంత పాకిందంటే డాక్టర్లే ఆ మాత్రలు రాస్తున్నారు. ప్లేట్‌లెట్లు కొంచెం త్వరగా పెరుగుతాయని చిన్న చిన్న పరీక్షల్లో కనబడిన మాట నిజం. కానీ ఇంటిల్లిపాదీ ప్లేట్‌లెట్ల సంఖ్య చూసుకుని టెన్షన్ పడుతుంటే అసలు ప్రమాదం పక్క నుంచి వస్తుంది. డెంగీలో చాలావరకు ప్రాణం తీసేది రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడం. అది జ్వరం తగ్గే రోజుల్లోనే జరుగుతుంది. హమ్మయ్య, జ్వరం తగ్గింది, రసం పనిచేసింది అనుకునే ఆ రోజే కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడే చేతులు కనబడితే వెంటనే సెలైన్ కోసం పరిగెత్తాలి. చేదు రసం బలవంతంగా పట్టి పిల్లాడికి వాంతులు చేయిస్తే, ఆ వాంతులు జబ్బువో రసానివో డాక్టరుకీ అంతుపట్టదు.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారి కోవిడ్ మందు కోసం క్యూ కట్టిన జనాన్ని అందరం చూశాం. ఆయన మందు ఉచితంగా ఇచ్చారు, ఆయన మంచితనాన్ని నేను శంకించను. ఆస్పత్రిలో బెడ్డు దొరకని రోజుల్లో ఆ క్యూలో నిల్చున్నవాళ్ళనీ నిందించను. కోవిడ్ వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది ఏ మందూ లేకుండానే కోలుకునే జబ్బు అది. అలాంటి జబ్బుకి ఇచ్చే మందు పనిచేస్తోందో లేదో, వాడినవాళ్ళ మాటలు ఎన్ని విన్నా తెలియదు. వాడినవాళ్ళనీ వాడనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి లెక్కించాల్సిందే. ఆ మందు కోవిడ్‌ని తగ్గిస్తుందనడానికి ఆధారాలు లేవని నిపుణుల కమిటీ చెప్పింది. హాని లేదన్న మాట మీద ప్రభుత్వం నోటితో తీసుకునే మందులకి అనుమతి ఇచ్చి, కంటి చుక్కల్ని అప్పటికి ఆపింది. ఊరంతా మాత్రం పర్మిషన్ వచ్చిందంటే పనిచేస్తుందని తేలినట్టే అనుకుంది.

"పనిచేయకపోతే పోయింది, హాని లేదు కదా" అన్న మాట నాకు అన్నిటికంటే ఎక్కువ భయం. అదే కోవిడ్ కాలంలో ఇమ్యూనిటీ కోసమని ఇంటింటా తిప్పతీగ కషాయం కాచారు. ముంబై డాక్టర్లు 2021లో ఆరుగురు రోగుల గురించి రాశారు, తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ళు. తర్వాతి ఏడాది దేశంలోని వేర్వేరు ఆస్పత్రుల డాక్టర్లు కలిసి 43 మంది వివరాలు అచ్చువేశారు. మనిషి రక్షణ వ్యవస్థ తన లివర్ మీదే తిరగబడినట్టు ఉన్న కేసులు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అలాగే ఉండే వేరే తీగతో పొరబడ్డారేమో అంది. పొరబడే అవకాశం ఉందనే అనుకుందాం. అప్పుడు మా ఇంటి వెనక ఉన్న తీగ ఏదో మా ఇంట్లో వాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఈశ్వరి తీగ సంగతి ఇంకా ఘోరం. పాము కాటుకని మన పల్లెల్లో పేరున్న మొక్క. ఆ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ యాసిడ్ ఉంటుంది. 1990లలో బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన చైనా మూలికల్లో ఆ జాతి మొక్క కలిసి, వంద మంది దాకా ఆడవాళ్ళ కిడ్నీలు పాడయ్యాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. వందల ఏళ్ళుగా వాడుతున్నాం కదా అంటారు. ఇవాళ తాగిన వేరు వల్ల కొన్నేళ్ళ తర్వాత కిడ్నీ పోతే, ఆ రెంటినీ కలిపి చూసేది ఎవరు?

ఇదంతా చదివి సంప్రదాయ వైద్యాన్ని తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. మలేరియాకి ఈనాడు వాడే ఆర్టెమిసినిన్ దారి చూపింది 1,600 ఏళ్ళ నాటి చైనా వైద్య గ్రంథమే. చైనా శాస్త్రవేత్త తూ యూయూ ఆ గ్రంథంలో "నీళ్ళలో నానబెట్టి పిండి తాగాలి" అని ఉండటం, మరిగించమని లేకపోవడం గమనించి, వేడి వల్ల మందు చెడిపోతోందని ఊహించింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో 1971లో తీసి చూసింది, పనిచేసింది. 2015లో నోబెల్ వచ్చింది. మన సర్పగంధి వేరుని బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ బీపీ రోగుల మీద పరీక్షించి 1949లో బ్రిటిష్ పత్రికలో రాశాడు, ప్రపంచం అటు తిరిగి చూసింది. పెద్దల మాటని గౌరవించడమంటే దాన్ని పరీక్షకి నిలబెట్టడమని నేను వీళ్ళిద్దరి దగ్గరే నేర్చుకున్నాను.

మనవాడే ఇంకొకాయన ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. 1920ల మొదట్లో అమెరికా వెళ్ళాడు. అక్కడ లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ మీద పనిచేసింది. ఫోలిక్ యాసిడ్ ఆకుకూరల్లో ఉండేదే, ఒంటికి కావాల్సిందే, గర్భిణులకు మనం ఇచ్చేదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకాలు ఇచ్చినప్పుడు జబ్బు తగ్గకపోగా ఇంకా ఎగదోసుకొచ్చింది. మంచి పోషకం క్యాన్సర్ కణానికీ మంచి పోషకమే. అప్పుడు ఫార్బర్ దాన్ని అడ్డుకునే పదార్థం కావాలనుకున్నాడు. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ని 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితం అచ్చయింది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ బిళ్ళగన్నేరు మందుతో కలిపి అదే పిల్లలకి ఇస్తున్నారు. ప్రకృతిలో ఉన్నది ఏదైనా మంచే చేస్తుందనేవాళ్ళకి నేను ఈ కథ చెప్తాను.

డాక్టర్లకీ ఒక మాట. ఆకు రసం తాగుతున్నానని రోగి చెప్పగానే కసురుకునే డాక్టరు వల్ల జరిగేది ఒక్కటే, ఆ రోగి తర్వాత నుంచి చెప్పడు. తాగడం మానడు. ఆ రసం వల్ల లివర్ దెబ్బతిని రక్తంలో బిలిరుబిన్, అంటే కామెర్లలో కళ్ళని పచ్చబరిచే పదార్థం, పెరిగితే విన్‌క్రిస్టిన్ డోసు తగ్గించాల్సి వస్తుంది, ఒక్కోసారి కీమో వాయిదా వేయాల్సి వస్తుంది. ఎందుకు పెరిగిందో తెలియక ఇంకో నాలుగు పరీక్షలు రాస్తారు. "ఇంకేం వాడుతున్నారమ్మా, చెప్తే ఏమీ అనను" అని అడిగి కేసు షీటులో రాసుకోవడానికి నిమిషం చాలు. క్యాన్సర్‌తో సహా 54 జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటనలివ్వడం నేరమని 1954 నుంచి చట్టం ఉంది. దాన్ని యూట్యూబు దాకా తీసుకురావడం మాత్రం ప్రభుత్వాల పని.

నాకు ఇప్పటికీ మొక్కల ఫొటోలు వస్తూనే ఉంటాయి. నేను ముందు అడిగేది జబ్బు పేరు, తర్వాత ముక్క పరీక్ష అయిందా అని. సూదితో ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందన్నది అపోహ. పరీక్ష లేకుండా ఏ మందు పనిచేస్తుందో ఏ డాక్టరూ చెప్పలేడు. డబ్బు భయమైతే హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే ఆస్పత్రి ఉంది, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ వైద్యం జరుగుతోంది. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు సంచిలో పెట్టుకుని రేపే వెళ్ళమంటాను. ఆకుల సంగతి వచ్చాక మాట్లాడుకుందాం, ఈలోపు ఏది తాగినా ఆ డాక్టరుకి పేరుతో సహా చెప్పమంటాను.